ఓడలో డ్రింక్స్ ప్యాకేజీ కొనాలా వద్దా? మిల్లీలీటర్లలో లెక్క వేసుకోవడం ఎలా

విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉండడంతో శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలకి క్రూయిజ్ ఇప్పుడు అందరాని సంగతేమీ కాదు. మూడు, నాలుగు రాత్రుల ట్రిప్పులు ఎక్కువ. టికెట్టు అయిపోయాక ఏజెంటు చివర్లో ఒక మాట వేస్తాడు: "డ్రింక్స్ ప్యాకేజీ కూడా కలిపేయమంటారా సార్, లోపల చాలా రేట్లు." ప్యాకేజీ అంటే రోజుకి ఇంత అని ముందే కట్టేసి, ఓడలో పానీయాలకి గ్లాసు గ్లాసుకీ డబ్బివ్వకుండా తాగడం. అక్కడ తలూపేముందు ఒక కాగితం, పెన్ను తీసుకోండి. ఆ తలూపు ఖరీదు ఇద్దరికి అరవై వేలు దాటొచ్చు.

కింది లెక్కలన్నిటికీ ఒకే ధరల పట్టీ వాడుతున్నాం. ఇవి పెద్ద ఓడల్లో మామూలుగా కనిపించే స్థాయి ధరలు. మీ ఓడ మెనూ చూసి అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

బీరు టిన్ను 9 డాలర్లు, విస్కీ షాట్ 12, కాక్‌టెయిల్ 14, ఆల్కహాల్ లేని మాక్‌టెయిల్ 8, కపుచినో 5, కూల్‌డ్రింక్ 4, వాటర్ బాటిల్ 4. ఆల్కహాల్ ప్యాకేజీ మనిషికి రోజుకి 75 డాలర్లు. వీటన్నిటి మీదా సర్వీసు ఛార్జీ 18 శాతం. కొన్ని కంపెనీల్లో ఇది 20. డాలరు 90 రూపాయలు అనుకుందాం.

1. డబ్బు పెట్టకుండా దొరికేవి ఏవో ముందు రాసుకోండి

బఫేలో మంచినీళ్లు, మెషిన్ కాఫీ, టీబ్యాగులు, పాలు, ఐస్‌డ్ టీ, నిమ్మరసం లాంటి పానీయం, పొద్దున టిఫిన్‌తో జ్యూస్ చాలా ఓడల్లో టికెట్టులోనే ఉంటాయి. డబ్బు పడేవి: సీసా నీళ్లు, కోక్ లాంటి కూల్‌డ్రింకులు, కేఫ్ కౌంటర్‌లో చేసే కపుచినో, అప్పటికప్పుడు పిండిన పళ్లరసం, మాక్‌టెయిల్స్, ఇక మందు సంగతి సరేసరి.

మన కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది మందు దగ్గర కాదు, నీళ్ల దగ్గర. ఇంట్లో 20 లీటర్ల క్యాన్ నీళ్లే తాగే అలవాటు కాబట్టి కుళాయి నీళ్లంటే అనుమానం. నలుగురు మనుషులు, తలా మూడు సీసాలు, నాలుగు రోజులు: 48 సీసాలు, సర్వీసు ఛార్జీతో కలిపి దాదాపు 227 డాలర్లు. ఇరవై వేల రూపాయలు నీళ్లకి! ఓడ నీళ్లు శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి ఇచ్చేవే; తాగొచ్చు. క్లోరిన్ వాసన పడకపోతే బఫేలో ఐసు వేసుకుని తాగండి, అంతగా తెలియదు. ఇంటి నుంచి తలా ఒక ఖాళీ స్టీలు సీసా పట్టుకెళ్లండి. ఒక జాగ్రత్త: సీసా మూతిని నేరుగా డిస్పెన్సర్ కింద పెట్టనివ్వరు. వాంతులు, విరేచనాలు ఓడంతా పాకకుండా పెట్టిన నియమం అది. గ్లాసుతో పట్టి సీసాలో పోసుకోవాలి.

కాఫీ విషయంలో ఆశలు పెట్టుకోకండి. ఉచితంగా దొరికేది పల్చటి నల్ల కాఫీ, పక్కన చల్లటి పాలు. ఇన్‌స్టంట్ కాఫీ, టీ ప్రీమిక్స్ పొట్లాలు ఓ డజను బ్యాగులో వేసుకుంటే బఫే వేడినీళ్లతో పని జరిగిపోతుంది. ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లొద్దు, స్కానింగ్‌లో ఆపేస్తారు. ఆసియాలో తిరిగే ఓడల్లో గదిలోనే కెటిల్ ఉండడం మామూలే. ముందే అడిగి తెలుసుకోండి.

2. మీ అలవాటుని ఓడ కొలతలోకి మార్చండి

లెక్క తప్పేది ఇక్కడే. ఏజెంటు "రోజుకి ఆరేడు డ్రింకులు తాగితే గిట్టుబాటు" అంటాడు. ఇక్కడి మనిషి "ఆరేడు పెగ్గులే కదా, లేదా రెండు మూడు బీర్లు, పైన ఇంకేదో" అని సర్దుకుంటాడు. కానీ మన డ్రింకు, ఓడ డ్రింకు ఒకటి కాదు.

మన దగ్గర బీరంటే 650 మిల్లీలీటర్ల సీసా. ఓడలో బీరంటే 330 లేదా 355 మిల్లీలీటర్ల టిన్ను. అంటే మన ఒక బీరు ఓడలో రెండు. విస్కీ షాట్ అమెరికా కొలతలో 44 మిల్లీలీటర్లు ఉంటుంది. కాబట్టి మన నైంటీ (90 మిల్లీలీటర్లు) ఓడలో రెండు షాట్లు, క్వార్టర్ (180) నాలుగు షాట్లు.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. సర్వీసు ఛార్జీ ప్యాకేజీ మీదా, విడి డ్రింకు మీదా ఒకే శాతం పడుతుంది కాబట్టి పోల్చేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయొచ్చు. 75ని 9తో భాగిస్తే 8.3, అంటే తొమ్మిదో టిన్ను దగ్గర గిట్టుబాటు మొదలు. తొమ్మిది 355 టిన్నులు మూడు లీటర్లు దాటతాయి. మన పెద్ద సీసాల్లో దాదాపు ఐదు. ఒక్క పూట కాదు, రోజూ. విస్కీ అయితే ఏడో షాట్. అంటే 308 మిల్లీలీటర్లు, ఆఫ్ బాటిల్‌కి కాస్త తక్కువ.

రోజూ క్వార్టర్ వేసేవాడిని ఊళ్లో బాగానే తాగుతాడంటారు. అతని ఓడ బిల్లు: నాలుగు షాట్లు 48, రెండు కూల్‌డ్రింకులు 8, ఒక కపుచినో 5. మొత్తం 61. ప్యాకేజీ 75. ఆ మనిషికి కూడా ప్యాకేజీ నష్టమే! మరి ఆదివారం రెండు బీర్లు తాగేవాళ్ల సంగతి వేరే చెప్పాలా.

ఇక్కడే ఒక భయం పని చేస్తుంది. 2024 అక్టోబరు మద్యం పాలసీ తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌లో 99 రూపాయలకి క్వార్టర్ దొరుకుతోంది. ఓడలో ఒక్క షాట్, సర్వీసు ఛార్జీతో, 1,274 రూపాయలు. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టి చూసినవాడు హడలిపోయి ప్యాకేజీ కొనేస్తాడు. ఊరి ధరతో పోల్చడం ఇక్కడ పనికిరాదు. మీరు తేల్చుకోవాల్సింది ప్యాకేజీ ధరకీ, మీరు నిజంగా తాగేదాని ఓడ ధరకీ మధ్య తేడా మాత్రమే.

3. గదిలో ఎంతమంది పెద్దవాళ్లున్నారో లెక్కలో కలపండి

రాయల్ కరీబియన్, కార్నివాల్ లాంటి కంపెనీల్లో ఒక నియమం ఉంది: ఒకే గదిలో ఒకరు ఆల్కహాల్ ప్యాకేజీ కొంటే, మద్యం తాగే వయసున్న మిగతావాళ్లూ కొనాలి. ఒకరు కొని అందరూ పంచుకోకుండా పెట్టిన కట్టడి ఇది. ఆ వయసు అమెరికా నుంచి బయల్దేరే ఓడల్లో 21, సింగపూర్ నుంచి బయల్దేరే వాటిలో సాధారణంగా 18. ఇంటర్ అయిపోయిన అబ్బాయి అదే గదిలో ఉంటే అతనూ లెక్కలోకి వస్తాడు, జాగ్రత్త.

భర్త తాగుతాడు, భార్య ముట్టదు. నాలుగు రాత్రులకి ఇద్దరి ప్యాకేజీ: 75 × 2 × 4 = 600, 18 శాతం కలిపితే 708 డాలర్లు, అంటే 63,720 రూపాయలు. ఇది గిట్టాలంటే ఆయన ఒక్కడే రోజుకి 150 డాలర్ల సరుకు తాగాలి. విస్కీలో అది పన్నెండున్నర షాట్లు, 550 మిల్లీలీటర్లు. ఫుల్ బాటిల్లో ముప్పావు వంతు, నాలుగు రోజులు వరసగా. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ ఆయన ఫీజు ప్యాకేజీలో రాదు.

తాగనివాళ్లకి మినహాయింపు అడగొచ్చు. ఆరోగ్య కారణం, గర్భం, మతపరమైన నియమం చెబితే కొన్ని కంపెనీలు ఫోన్లో రెండో మనిషికి ఆల్కహాల్ లేని చిన్న ప్యాకేజీ వేస్తాయి. వెబ్‌సైట్‌లో ఆ మీట కనపడదు, ఏజెంటు చేత అడిగించాలి. ఒప్పుకుంటే ఈమెయిల్‌లో రాయించుకోండి. ఓడెక్కాక నోటిమాట చెల్లదు.

ఇంకో దారి గదుల సర్దుబాటు. రెండు జంటలు కలిసి వెళ్తుంటే కాగితం మీద తాగే ఇద్దరినీ ఒక గదిలో, తాగని ఇద్దరినీ ఇంకో గదిలో బుక్ చేసి, ఎక్కాక రిసెప్షన్‌లో అదనపు తాళం కార్డులు అడిగి మారి పడుకునేవాళ్లున్నారు. అత్యవసర సమయంలో ఎవరు ఏ గదిలో ఉన్నారో ఓడ దగ్గరున్న జాబితాకీ నిజానికీ పొంతన ఉండదు కాబట్టి మేం దీన్ని సిఫారసు చేయం.

4. తాగని రోజులు, తాగలేని గంటలు కొట్టేయండి

ప్యాకేజీ మొత్తం ప్రయాణానికి అమ్ముతారు. "శనివారం ముట్టను" అంటే ఆ రోజు 75 డాలర్లు తగ్గించరు. వెంకటేశ్వరస్వామికి శనివారం, శివుడికి సోమవారం, కార్తీకమంతా పూర్తిగా బంద్. ఇలాంటి నియమాలున్నవాళ్లు ప్రయాణ తేదీల పక్కన వారాలు రాసి చూసుకోండి. నాలుగు రోజుల్లో ఒకటి పోతే మిగతా మూడు రోజులు రోజుకి 100 డాలర్ల చొప్పున తాగాలి.

ఓడ రేవులో ఆగే రోజులు కూడా అంతే. పెనాంగ్‌లోనో ఫుకెట్‌లోనో పొద్దున దిగి సాయంత్రం ఎక్కితే, ఒడ్డున తాగిన కొబ్బరిబొండాం నుంచి బీరు దాకా అంతా మీ జేబులోంచే. ఆ రోజు ప్యాకేజీకి మిగిలేది నాలుగైదు గంటలు. మూడు రాత్రుల ప్రయాణంలో రెండు రేవులుంటే ప్యాకేజీ ఆలోచన అక్కడితో వదిలేయొచ్చు. పూర్తిగా సముద్రంలోనే గడిచే రోజులు ఎక్కువున్న ప్రయాణాల్లోనే దానికి బలం.

మొదటి రోజు కడుపు తిప్పడం కొత్తవాళ్లకి మామూలు. అవోమిన్ లాంటి వాంతి మాత్ర వేసుకున్నాక మందు తాగకూడదు, మత్తు రెట్టింపవుతుంది. ఆ రోజూ లెక్కలోంచి పోయినట్టే.

చెప్పుకోకపోయినా అందరికీ తెలిసిన లెక్క ఇంకొకటి: ఎవరితో వెళ్తున్నారు? మామగారు, పెద్దబావగారు పక్క కుర్చీలో ఉంటే భోజనాల బల్ల దగ్గర గ్లాసు పైకి రాదు. రాత్రి పదిన్నరకి పెద్దలు గదికెళ్లాకే బార్ వైపు నడక. రెండు గంటల్లో ఏడు షాట్లు తాగితే గానీ ప్యాకేజీ గిట్టదంటే, అది కొనకూడని ప్యాకేజీ.

5. షరతుల పేజీలో ఈ ఆరు వెతకండి

*గ్లాసు ధర పరిమితి.* ప్యాకేజీలో ఒక్కో డ్రింకుకి ఇంత వరకే అని ఉంటుంది. రాయల్ కరీబియన్‌లో 14 డాలర్లు, కార్నివాల్‌లో 20. పరిమితి దాటితే కొన్నిచోట్ల తేడా కడితే చాలు, కొన్నిచోట్ల కాస్త డిస్కౌంటుతో మొత్తం కట్టాలి. బ్లాక్ లేబుల్ షాట్ సాధారణంగా పరిమితిలోనే ఉంటుంది, బ్లూ లేబుల్ రాదు.

*రోజు పరిమితి.* "అన్‌లిమిటెడ్" అని అమ్మినా కార్నివాల్ ప్యాకేజీలో రోజుకి 15 ఆల్కహాల్ డ్రింకులే. అంతదాకా వెళ్లొద్దు కూడా.

*ఒకసారికి ఒకటే.* ఒక డ్రింకు తీసుకున్నాక కొన్ని నిమిషాలు ఆగితే గానీ రెండోది రాదు. కార్డు గీకగానే బార్‌మన్ తెర మీద మీ ఫొటో వస్తుంది. పంచుకుంటూ దొరికితే ప్యాకేజీ రద్దు చేస్తారు, డబ్బు తిరిగిరాదు.

*వర్తించని చోట్లు.* గదిలోని మినీబార్, పూర్తి వైన్ సీసాలు, సావనీర్ గ్లాసులు దాదాపు ఎక్కడా రావు. రూమ్ సర్వీసు కంపెనీని బట్టి.

*రేవు పన్ను.* ఓడ రేవులో కట్టి ఉన్నప్పుడు ఆ దేశపు పన్ను ప్యాకేజీ ఉన్నా పడొచ్చు. చిన్న మొత్తమే గానీ బిల్లులో చూసి కంగారుపడకండి.

*సర్వీసు ఛార్జీ.* ప్రకటనలో 75 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కట్టేది 88.50. ఏజెంటుని "అన్నీ కలిపి ఎంత?" అని అడిగి ఆ అంకె వాట్సాప్‌లో పెట్టించుకోండి.

6. చిన్న ప్యాకేజీలని విడిగా తూచండి

పిల్లలున్న ఇంటికి పనికొచ్చేది ఇదే కావొచ్చు. కూల్‌డ్రింక్ ప్యాకేజీ రోజుకి 13 డాలర్లుంటే నాలుగో గ్లాసుకి గిట్టుబాటు. పన్నెండేళ్ల కుర్రాడికి నాలుగు గ్లాసులు లెక్కే కాదు, ఆ లెక్క కుదరడం మంచిదా కాదా అన్నది తల్లి తేల్చుకోవాలి. రాయల్ కరీబియన్ ఓడల్లో దీనికి చిప్ ఉన్న కప్పు ఇస్తారు, మెషిన్ దగ్గర పెడితే తనే నింపుతుంది.

మాక్‌టెయిల్స్, కపుచినో, సీసా నీళ్లు, తాజా రసాలు కలిపిన ఆల్కహాల్ లేని ప్యాకేజీ రోజుకి 35 దాకా ఉంటుంది. రెండు మాక్‌టెయిల్స్ 16, రెండు కపుచినోలు 10, రెండు నీళ్ల సీసాలు 8. మొత్తం 34, ఇంచుమించు సమానం. షుగర్ ఉన్నవాళ్లు ఈ వైపు చూడొద్దు. మాక్‌టెయిల్ అంటే చాలావరకు చక్కెర పాకమే, "కొన్నాం కదా" అని తాగితే సముద్రం మధ్యలో ఇబ్బంది.

7. కొనాలని తేలితే ఎప్పుడు, ఎలా

కొనడం సబబైన గుంపులు ఉన్నాయి. పెళ్లికి ముందు నలుగురు స్నేహితులు వెళ్తున్నారు, అందరూ తాగేవాళ్లే, పెద్దలు లేరు, కాక్‌టెయిల్స్ రుచి చూడాలని ఉంది అనుకోండి. రోజుకి మూడు కాక్‌టెయిల్స్ 42, రెండు టిన్నులు 18, మాక్‌టెయిల్ 8, కపుచినో 5, రెండు వాటర్ బాటిళ్లు 8. మొత్తం 81. ప్యాకేజీ 75 కాబట్టి మిగిలింది ఆరు డాలర్లే అయినా, గ్లాసు గ్లాసుకీ లెక్క చూసుకునే బెడద పోతుంది. దానికి ఒక విలువ ఉంది.

కొనేది ఓడెక్కక ముందే, కంపెనీ యాప్‌లో లేదా సైట్‌లో మీ బుకింగ్‌లోకి వెళ్లి కొనండి. ఓడలో ధర ఎక్కువ ఉండడమే మామూలు. ముందస్తు ధర రోజుకో రకంగా మారుతుంది, నవంబరు చివరి వారంలో సేల్స్ వస్తాయి. సంక్రాంతి సెలవులకి ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఆ వారం చూడడం మంచిది. చాలా కంపెనీల్లో ప్రయాణానికి కొద్ది రోజుల ముందు వరకు రద్దు చేసి, తగ్గిన ధరకి మళ్లీ కొనొచ్చు. వారానికోసారి యాప్ తెరిచి చూడండి. ఏజెంటు ద్వారా కొంటే ఈ వీలు ఆయన చేతిలో ఉంటుంది కాబట్టి, రద్దు నియమం ఏంటో ముందే అడగండి.

విశాఖ నుంచి బయల్దేరే ఓడలది వేరే తీరు. 2025 జూలైలో కార్డీలియా ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లింది. ఇలాంటి ప్రయాణాల్లో ధర రూపాయల్లో ఉంటుంది, కార్డు మార్పిడి ఖర్చు ఉండదు. భోజనం టికెట్టులో వస్తుంది, బార్ బిల్లు వేరు. ఆ నెలలో బంగాళాఖాతం నైరుతి గాలులకి ఊగుతుంది. మందు ప్యాకేజీ కంటే ముందు వాంతి మాత్రలు గుర్తుంచుకోవాల్సిన కాలం.

8. ఓడెక్కాక

విదేశీ ఓడల్లో కట్టేది డాలర్లలో. మామూలు క్రెడిట్ కార్డుకి బ్యాంకు మార్పిడి రుసుము 3.5 శాతం దాకా వేస్తుంది, దాని మీద జీఎస్టీ. 708 డాలర్ల మీద ఇదే 2,600 రూపాయలు దాటుతుంది. మార్పిడి రుసుము లేని కార్డు గానీ ఫారెక్స్ కార్డు గానీ వాడండి. డెబిట్ కార్డు ఇస్తే రోజూ కొంత సొమ్ము బ్లాక్ చేస్తారు, ప్రయాణం అయ్యాక అది విడుదల కావడానికి వారం పైన పట్టొచ్చు. ఇంటి ఈఎంఐ ఆ ఖాతా నుంచే వెళ్తుంటే ఆ కార్డు ఇవ్వకండి.

బార్‌లో సంతకం పెట్టే రసీదు మీద ఒక ఖాళీ గడి ఉంటుంది: అదనపు టిప్పు. 18 శాతం అప్పటికే పడిపోయింది. మొహమాటానికి పోయి మొత్తం ఎంతో మళ్లీ ఆ గడిలో రాసేస్తే, అది కూడా కట్టాల్సి వస్తుంది. గడిలో గీత కొట్టి సంతకం పెట్టండి.

రోజూ రాత్రి పడుకునేముందు యాప్‌లోనో గది టీవీలోనో బిల్లు చూడండి. ప్యాకేజీ ఉన్నా విడిగా పడిన డ్రింకు, మీరు తీయని మినీబార్ సీసా కనిపిస్తే మర్నాడే గెస్ట్ సర్వీసెస్‌లో చెప్పండి, చాలావరకు అక్కడికక్కడే తీసేస్తారు. ఆఖరి రాత్రి దాకా ఆగితే అక్కడ మన రేషన్ షాపు లైనే.

నీళ్ల సీసాలో విస్కీ పోసి తీసుకెళ్దామన్న ఐడియా మానుకోండి. సామాను ఎక్స్‌రేలో వెళ్తుంది, అనుమానమొస్తే మూత తీసి వాసన చూస్తారు, పారబోస్తారు. కొన్ని కంపెనీలు ఎక్కే రోజు పెద్దవాళ్లకి తలా ఒక 750 మిల్లీలీటర్ల వైన్ సీసా చేతి సామానులో అనుమతిస్తాయి, విస్కీ, రమ్ముకి ఆ వీలు లేదు. రేవుల్లో కొన్న మందు సీసాలు ఎక్కేటప్పుడు తీసి దాచిపెట్టి, చివరి రోజు ఇస్తారు. రసీదు పర్సులో పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో మన కస్టమ్స్ మనిషికి రెండు లీటర్ల దాకానే సుంకం లేకుండా వదులుతుంది. ముప్పావు లీటరు సీసాలైతే రెండు, లీటరు సీసాలైనా రెండే.